అల్లుడి ఉత్సవం, అత్తింటి అడవి: నల్లమలలో జీవ-సాంస్కృతిక వారసత్వ భావనపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: ప్రకృతినీ సంస్కృతినీ విడదీయరాని ఒకే వారసత్వంగా చూడాలనేది జీవ-సాంస్కృతిక దృక్పథపు సారం. ఈ భావనను నల్లమల అడవులకూ, అక్కడి చెంచులకూ అన్వయించి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. అహోబిల చెంచులక్ష్మి కథ, మానవశాస్త్ర రచన, పులుల రక్షణ విధానం, 2006 అటవీ హక్కుల చట్టం, 2019 నాటి యురేనియం వ్యతిరేకోద్యమం అనే పాఠ్యాలు అడవికీ మనిషికీ గల సంబంధాన్ని ఎలా నిర్మించాయో ఇందులో చర్చ జరిగింది. హక్కును సంరక్షకత్వపు బహుమతిగా చూసే ధోరణిలోని ప్రమాదం ప్రత్యేకంగా విమర్శకు వచ్చింది.

కీలక పదాలు: జీవ-సాంస్కృతిక వారసత్వం, నల్లమల, చెంచులు, పారువేట, ఆవాస హక్కులు, గ్రామసభ.

ఉపోద్ఘాతం

తెలుగులో ‘వారసత్వం’ అనే మాట నిర్మాణమే ఆసక్తికరమైనది. అరబ్బీ మూలమైన ‘వారిసు’కు సంస్కృత ప్రత్యయం చేరి ఏర్పడిన ఈ పదం కచేరీల నుంచీ ఆస్తి తగాదాల నుంచీ సాహిత్య, పురాతత్త్వ వ్యవహారంలోకి వచ్చింది. అందుచేత తెలుగులో వారసత్వమని అన్న వెంటనే వారసుడెవరన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది. ‘వారసత్వ సంపద’ అని గోడల మీద రాసే సంస్థలు ఆ ప్రశ్నను సాధారణంగా దాటవేస్తాయి. జాతి సంపద, మానవాళి సంపద అంటే అందరిదీ అన్నట్టే ఉంటుంది గాని, దాని మీద నిర్ణయాధికారం ఎవరికీ లేనట్టూ ఉంటుంది. నల్లమల విషయంలో ఈ దాటవేత ఫలితం చాలా స్పష్టం. ఆలయం దేవాదాయ శాఖది, అడవి అటవీ శాఖది, జలాశయం నీటిపారుదల శాఖది. ఈ మూడింటి నడుమ తరతరాలుగా బతికిన చెంచులు ఐ.టి.డి.ఎ. వారి ‘లబ్ధిదారులు’.

1972వ సంవత్సరంలో రెండు పత్రాలు వెలువడ్డాయి. ఒకటి యునెస్కో ప్రపంచ వారసత్వ ఒడంబడిక, మరొకటి భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం. ఒడంబడిక తన మొదటి అధికరణంలో సాంస్కృతిక వారసత్వాన్నీ రెండవ అధికరణంలో ప్రాకృతిక వారసత్వాన్నీ వేరువేరుగా నిర్వచించింది. భారత చట్టం అభయారణ్యం, జాతీయ వనం అనే గీతలు గీసింది. ఒకదానితో ఒకటి ప్రత్యక్ష సంబంధం లేకపోయినా ఈ రెండింటి వెనుకా ఉన్న ఊహ ఒక్కటే: ప్రకృతి అంటే మనిషి లేని చోటు, సంస్కృతి అంటే మనిషి కట్టినది. ఈ విభజన మీద వచ్చిన తిరుగుబాటే జీవ-సాంస్కృతిక దృక్పథం. 1988లో బ్రెజిల్‌లోని బెలేమ్ నగరంలో జాతిజీవశాస్త్రవేత్తలు చేసిన ప్రకటన సాంస్కృతిక వైవిధ్యానికీ జీవవైవిధ్యానికీ విడదీయలేని ముడి ఉందన్నది. 1992 జీవవైవిధ్య ఒడంబడిక 8(జె) అధికరణం స్థానిక సముదాయాల జ్ఞానాన్ని గౌరవించాలని చెప్పింది. అదే ఏట ప్రపంచ వారసత్వ వ్యవస్థ ‘సాంస్కృతిక భూదృశ్యం’ అనే కొత్త కోవను అంగీకరించింది. 2010 నాటి నగోయా ఒప్పందం సముదాయాలు తమ నియమావళిని తామే రాసుకొనే పద్ధతికి చోటిచ్చింది. 2016లో కొలంబియా రాజ్యాంగ న్యాయస్థానం అత్రాతో నది విషయంలో ‘జీవ-సాంస్కృతిక హక్కులు’ అన్న మాటనే తీర్పులో వాడింది. మన దేశంలో కాంచన్‌గంగ జాతీయ వనం ‘మిశ్రమ’ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందినదీ 2016లోనే.

ఈ చరిత్ర తెలుగు పరిశోధకులకు కొత్తదేమీ కాదు. కొత్తగా అడగవలసిన ప్రశ్న వేరు. ఈ దృక్పథాన్ని నల్లమల దగ్గర నిలబెడితే అది ఏమి చూడగలదు, ఏమి చూడలేదు?

భాష లేని భాషావైవిధ్యం

జీవ-సాంస్కృతిక వైవిధ్య సిద్ధాంతానికి లూయిజా మాఫీ వంటివారు ఇచ్చిన బలమైన ఆధారాల్లో ఒకటి భాష. ఎక్కువ జాతుల మొక్కలు, జంతువులు ఉన్న ప్రాంతాల్లోనే ఎక్కువ భాషలూ ఉన్నాయనీ, ఒకటి అంతరిస్తే రెండవదీ క్షీణిస్తుందనీ వారి వాదం. ప్రపంచ పటం మీద ఈ పోలిక ఆకట్టుకుంటుంది. నల్లమలకు వచ్చేసరికి మాత్రం ఈ కొలబద్ద చేతికి దొరకదు. చెంచులు మాట్లాడేది తెలుగే. భాషాగణాంకాల్లో వారికి విడి గడి లేదు. భాష పోయిందని వాపోవడానికి వేరే భాష లేదు కనుక, భాషాసూచికతో వైవిధ్యాన్ని లెక్కించే పద్ధతిలో ఈ సముదాయం కనిపించకుండా పోతుంది.

అయితే ఆ తెలుగు ఏ తెలుగు? మైదానంలో ‘పెంట’ అంటే చెత్తకుప్ప, పశువుల దిబ్బ. నల్లమలలో పెంట అంటే చెంచుల నివాసం. అప్పాపూర్ పెంట, రాంపూర్ పెంట, మల్లాపూర్ పెంట అని ఊళ్ళ పేర్లు. ఒకే భాషలో ఒకే పదం ఒకచోట ఇల్లు, మరోచోట పారబోసే చోటు. అడవి వైపు నుంచి చూస్తే నాలుగు గుడిసెలు, నీటి ఆదరువు, చుట్టూ ఫలానా కుటుంబాల వారు తిరిగే కొండలు, గడ్డలు తవ్వే వాలులు, తేనె దొరికే బండలు అన్నీ కలిసిన ఒక ప్రపంచం పెంట. మైదానం వైపు నుంచి వచ్చిన అధికారికి అది ‘నివాసాల సముదాయం’. చెంచుగడ్డ, నూలగడ్డ, మారేడు కొమ్ములు, తపసి బంక వంటి పేర్లను నిఘంటువులకు ఎక్కించే కృషి కొంత జరిగింది. కాని ఒకే పదానికి రెండు ప్రపంచాల్లో వచ్చిన ఈ అర్థభేదాన్ని సామాజిక చరిత్రగా చదివే పని జరగవలసినంతగా జరగలేదు. జీవ-సాంస్కృతిక అధ్యయనం తెలుగులో మొదలు కావలసింది ఇక్కడి నుంచి. ప్రపంచ భాషల పటం నుంచి కాదు.

తేనె సంగతి మరో ఉదాహరణ. నిట్టనిలువు బండలకు పట్టిన పెద్ద తేనెపట్టును తీయడానికి చెంచు మగవాడు తాడు పట్టుకొని లోయలోకి దిగుతాడు. పైన తాడు దగ్గర నిలబడే మనిషి బావమరిదే అయి ఉండాలన్న నియమం చెంచుల గురించిన కథనాల్లో తరచు వినిపిస్తుంది. తన అక్క లేక చెల్లెలి మంగళసూత్రం ఆ తాడుకు వేలాడుతోందని అతనికి తెలుసు, అందుకే నమ్మకం. ఇందులో తేనెటీగ ప్రవర్తన, బండ స్వభావం, నార బలం, రాత్రి పొగ పెట్టే నేర్పు ఎంత భాగమో, మేనరికపు బంధుత్వ వ్యవస్థా అంతే భాగం. 2002 జీవవైవిధ్య చట్టం కింద తయారయ్యే ప్రజా జీవవైవిధ్య నమోదు పుస్తకాల్లో ‘తేనె’ ఒక వనరుగా, స్థానిక నామం, శాస్త్రీయ నామం, ఉపయోగం అనే గడుల్లో చేరుతుంది. తాడు పట్టుకొన్న మనిషికి అందులో గడి లేదు. జ్ఞానాన్ని బంధుత్వం నుంచి విడదీసి జాబితా చేయడంలో కలిగే నష్టం ఇది. జీవ-సాంస్కృతికమన్న పేరు పెట్టుకొన్నా జాబితా జాబితాగానే మిగులుతుంది.

కథలో అల్లుడు, ఊరేగింపులో అతిథి

బంధుత్వమే కేంద్రంగా నల్లమలను ఊహించిన తెలుగు పాఠ్యం చెంచులక్ష్మి కథ. హిరణ్యకశిపుని సంహరించిన నరసింహుడు ఉగ్రుడై అడవిలో తిరుగుతూ చెంచు కన్యను చూచి మోహించి పెండ్లాడటం దీని సారం. అహోబిల మఠ పరంపరలో సంస్కృత నాటకంగా, యక్షగాన సంప్రదాయంలో ‘గరుడాచలం’గా, ‘చెంచునాటకం’గా, 1943లోనూ 1958లోనూ చలనచిత్రాలుగా ఈ కథ తెలుగు ప్రేక్షకుని ముందుకు మళ్ళీమళ్ళీ వచ్చింది. ఎగువ అహోబిలంలో చెంచులక్ష్మికి సన్నిధి ఉంది. శ్రీశైల మల్లికార్జునునికీ ‘చెంచు మల్లయ్య’ అన్న పేరు ఉండటం, అతనినీ తమ అల్లుడిగా చెంచులు చెప్పుకోవడం దీనికి సమాంతరం. అంటే కృష్ణకు దక్షిణాన వైష్ణవమూ శైవమూ రెండూ అడవిలో కాలు పెట్టడానికి పెళ్ళి సంబంధాన్నే దారిగా ఎన్నుకొన్నాయి.

ఈ కథను ఇటీవల వారసత్వ రచనలు గిరిజన-ఆగమ సంప్రదాయాల సమన్వయానికి నిదర్శనంగా మాత్రమే చదువుతున్నాయి. ఆ పఠనం సగమే నిజం. ఆదిలక్ష్మికి చెంచిత సవతిగా వచ్చే సన్నివేశాల్లో హాస్యం ఎక్కువభాగం చెంచిత తిండి, కట్టు, మాట మీద నడుస్తుంది. ఆమెకు దక్కే స్థానం రెండవ భార్యది. సమన్వయమన్న మాటకు వెనుక ఒక అంతరువు పదిలంగా ఉంది. అయితే కథకు మరో ముఖమూ ఉంది. జానపద కథనాల్లో చెంచులు పిల్లనిచ్చే ముందు నరసింహుణ్ణి పరీక్షిస్తారు. అడవి ఫలాలు తేగలవా, కట్టెలు మోయగలవా, తేనె తీయగలవా అని అడుగుతారు. దేవుడు చెంచుల పనిలో నేర్పు చూపిన తరువాతనే అల్లుడవుతాడు. అడవిలోకి ఎవరు రావచ్చునో, ఎవరితో సంబంధం కలుపుకోవచ్చునో నిర్ణయించేది చెంచులే అన్న రాజకీయార్థం ఈ ఘట్టంలో ఉంది. సినిమా పాటల మధురిమలో ఈ అర్థం కొట్టుకుపోయింది. విమర్శకులు కూడా దీనిని శృంగారకథగానే చూచి ఊరుకొన్నారు. సాహిత్యంలో అడవి మనిషికి ప్రవేశం సాధారణంగా భక్తి ద్వారానే దొరుకుతుంది. ధూర్జటి తిన్నడు అందుకు ప్రసిద్ధ నిదర్శనం. చెంచులక్ష్మి కథలో ఆ దిశ తారుమారైంది. ఇక్కడ అర్హత నిరూపించుకొన్నవాడు దేవుడు.

పారువేట ఉత్సవం ఈ బంధుత్వాన్ని ఏటేటా చూపుతుంది. సంక్రాంతి మరునాడు కనుమ పండుగతో మొదలై సుమారు 40 రోజులపాటు అహోబిల నరసింహుని పల్లకి చుట్టుపక్కల 30కి పైగా గ్రామాలు తిరుగుతుంది. ఫాల్గుణంలో జరిగే బ్రహ్మోత్సవాలకు స్వామి స్వయంగా వచ్చి తన అత్తింటివారిని పిలవడం దీని అంతరార్థమని జనం నమ్మకం. చెంచులు విల్లంబులతో స్వామికి ఎదురేగుతారు. ఈ ఉత్సవం అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తింపు పొందాలన్న ప్రయత్నాలు కొంతకాలంగా సాగుతున్నాయి. ఆ ప్రయత్నం సముచితమే. కాని పల్లకి తిరిగే ఊళ్ళలో అధికభాగం మైదానపు వ్యవసాయ గ్రామాలన్నది గమనించాలి. పిలుపు చెంచుల పేరు మీద, విడిది రైతుల ఇంట. ఉత్సవం వారసత్వమై, ఆ ఉత్సవానికి కారణమైన అత్తిల్లు మాత్రం ‘కోర్ ఏరియా’ కావడంలోని వైరుధ్యాన్ని ఏ నామినేషన్ పత్రమూ తనంతట తాను చెప్పదు. అమూర్త వారసత్వమన్న కోవకు నేల అక్కరలేదు. అందువల్లనే అది పాలనా యంత్రాంగానికి సౌకర్యంగా ఉంటుంది.

సర్వే గీతలు, పులి గీతలు

ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమి చెంచుల మధ్య క్షేత్రపరిశోధన చేశాడు. హైదరాబాద్ రాజ్య ఆదివాసులపై ఆయన వెలువరించిన గ్రంథమాలలో తొలి సంపుటం చెంచుల గురించినదే, 1943లో అచ్చయింది. దక్కను పురాతన వేటగాళ్ళ చివరి అవశేషంగా చెంచులను చూపే ధోరణి ఆ పుస్తకానికి ఉన్న పెద్ద పరిమితి. శతాబ్దాలుగా శ్రీశైల యాత్రికులకు దారి చూపి, సంతల్లో అటవీ సరుకు మార్చుకొన్న మనుషులను కాలం ఆగిపోయిన జనంగా చిత్రించడం చరిత్రకు నిలవదు. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణం ఒక్కటి చూచినా, ఆ కొండలు ఎంతటి జనసమ్మర్దాన్ని చూశాయో తెలుస్తుంది. అయినా ఆ పుస్తకానికి నేటికీ తీరని విలువ ఒకటి ఉంది. ఏ పెంటవారు ఏ కొండల్లో తిరుగుతారో, ఏ హద్దుల్ని పరస్పరం గౌరవిస్తారో, వేటకు ముందు గారెల మైసమ్మను ఎలా తలచుకొంటారో ఆయన నమోదు చేశాడు. ఆయన సిఫార్సు ఫలితంగానే నిజాం ప్రభుత్వం అమ్రాబాద్‌లో చెంచు రిజర్వును ఏర్పరచింది. అడవిని జంతువుల కోసం కాక మనుషుల కోసం రిజర్వు చేసిన అరుదైన సందర్భమది.

ఆ గీత మీద తరువాత వేరే గీతలు పడ్డాయి. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1978లో ప్రకటితమైంది. 1983లో పులుల రక్షణ పథకంలో చేరింది. 3,568 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో దేశంలోనే పెద్దదిగా పేరు పొందింది. 2014 రాష్ట్ర విభజనతో ఉత్తరభాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా తెలంగాణకు వచ్చింది. దాని విస్తీర్ణం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. ‘కోర్’ అంటే మనుషుల అలజడి లేని ప్రాంతం కావాలని విధానం. ఆ ప్రాంతం గుండానే హైదరాబాద్-శ్రీశైలం రహదారి పోతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు ఆపుతారు, పగలంతా వాహనాలు సాగుతాయి. చైత్ర పూర్ణిమకు సలేశ్వరం లింగమయ్య జాతరకు వేలాదిమంది లోయలోకి దిగుతారు. అక్కడ పూజారులు చెంచులు. జాతర ఎన్ని రోజులు, ఏ వేళలో అన్నది మాత్రం అటవీ శాఖ అనుమతిని బట్టి ఉంటుంది. యాత్రికుడు తాత్కాలికుడు కనుక భరించవచ్చునని, పెంటలో ఉండేవాడు శాశ్వతుడు కనుక తరలించాలని ఈ విధానం పరోక్షంగా చెబుతుంది. శాశ్వతంగా ఉండటమే నేరమైన స్థితి.

తరలింపుకు కుటుంబానికి 10 లక్షల రూపాయలుగా ఉన్న పరిహారం తరువాత 15 లక్షలైంది. చట్టప్రకారం ఇది స్వచ్ఛందంగానే జరగాలి. వన్యప్రాణి చట్టపు 2006 సవరణ, అదే ఏటి అటవీ హక్కుల చట్టం 4(2) విభాగం రెండూ వరుస క్రమాన్ని స్పష్టంగా నిర్దేశించాయి: ముందు హక్కుల గుర్తింపు, ఆపై సహజీవనం సాధ్యం కాదన్న నిర్ధారణ, ఆపై గ్రామసభ స్వేచ్ఛాయుత సమ్మతి. ఆచరణలో ఆ వరుస ఎన్నోసార్లు తిరగబడింది. జాతీయ పులుల సంరక్షణ సంస్థ 2017 మార్చిలో క్లిష్ట పులి ఆవాసాల్లో హక్కులివ్వరాదని ఉత్తర్వు ఇచ్చి, ఏడాది తరువాత వెనక్కు తీసుకొంది. 2024 జూన్‌లో అదే సంస్థ దేశవ్యాప్తంగా కోర్ ప్రాంతాల్లో ఉన్న 591 గ్రామాలకు చెందిన 64,801 కుటుంబాల తరలింపును వేగవంతం చేయాలని రాష్ట్రాలకు రాసింది. చెంచు యువకులను అదే శాఖ బేస్ క్యాంపుల్లో కాపలాదారులుగా, పులి జాడలు పట్టేవారుగా దినకూలికి నియమించుకొంటుంది. వారి జ్ఞానం శాఖకు కావాలి, వారి నిర్ణయం అక్కరలేదు. పరస్పరాధారం గురించిన జీవ-సాంస్కృతిక పరిభాష ఎంత వచ్చినా ఈ దినకూలి ఏర్పాటు ముందు అది అలంకారమే.

సంరక్షకత్వం ఒక షరతు

జీవ-సాంస్కృతిక హక్కులకు సిద్ధాంత రూపం ఇచ్చిన రచనల్లో సంజయ్ కబీర్ బవికట్టె 2014 గ్రంథం ముఖ్యమైనది. ఆస్తి అంటే అమ్ముకొనే అధికారమన్న భావనకు బదులు, భూమిని సంరక్షించే నీతి నుంచి హక్కు పుడుతుందని ఆ రచన ప్రతిపాదిస్తుంది. వ్యక్తిగతమైన, మార్కెట్టుకు లోబడిన ఆస్తి భావనకు ఇది గట్టి ప్రత్యామ్నాయం. దీనిని తేలికగా కొట్టిపారేయలేము. అయినా ఇందులో ఒక ముల్లు ఉంది.

హక్కు సంరక్షకత్వం నుంచే పుడితే, సంరక్షించలేదన్న ఆరోపణతో హక్కు పోతుంది. తపసి చెట్టుకు గాట్లు లోతుగా పెట్టి బంక తీసిన చెంచు, ఎండుగడ్డికి నిప్పు పెట్టిన చెంచు, సెల్‌ఫోన్ పట్టుకొని రేషన్ బియ్యం తినే చెంచు ఇక ‘సంప్రదాయ సంరక్షకుడు’ కాడు. నిజానికి నేటి చెంచు కుటుంబం బతుకు గడ్డల మీదా తేనె మీదా మాత్రమే లేదు. కూలి, ఉపాధి హామీ పని, చౌకధరల దుకాణం, గిరిజన సహకార సంస్థ కొనే అటవీ సరుకు అన్నీ కలిస్తే గాని నెల గడవదు. సంస్కృతి చెక్కుచెదరకుండా ఉంటేనే హక్కు అనడం, హక్కు లేకపోవడం వల్ల చెదిరిన సంస్కృతిని చూపి మళ్ళీ హక్కు నిరాకరించడానికి దారితీస్తుంది. కృష్ణా డెల్టాలో పట్టా ఉన్న రైతు తన పొలంలో ఎరువులు ఎంత కుమ్మరించినా పట్టా రద్దు కాదు. అతనిని ఎవరూ భూసార సంరక్షకత్వాన్ని నిరూపించమని అడగరు. పరీక్ష అడవి మనిషికే. చెంచులక్ష్మి కథలో పరీక్షకు నిలిచింది వచ్చినవాడు, ఇప్పుడు ఉన్నవాడు.

ఈ దృష్టితో చూస్తే భారత అటవీ హక్కుల చట్టం జీవ-సాంస్కృతిక సిద్ధాంతం కంటె ఒక అడుగు ముందుంది. దాని పీఠికలో హక్కుకు ఆధారంగా చెప్పింది అడవి వాసులకు జరిగిన ‘చారిత్రక అన్యాయం’. 3(1)(ఇ) విభాగం ఆదిమ గిరిజన సమూహాలకు ఆవాస హక్కులను, 3(1)(ఐ) సముదాయ అటవీ వనరులను కాపాడి, పునరుద్ధరించి, నిర్వహించే హక్కును, 3(1)(కె) జీవవైవిధ్యానికీ సాంస్కృతిక వైవిధ్యానికీ సంబంధించిన సంప్రదాయ జ్ఞానంపై సామూహిక మేధోహక్కును గుర్తించాయి. 5వ విభాగం తమ సాంస్కృతిక, ప్రాకృతిక వారసత్వానికి హాని చేసే పనుల నుంచి ఆవాసాన్ని కాపాడే అధికారాన్ని గ్రామసభకు అప్పగించింది. సాంస్కృతికమూ ప్రాకృతికమూ ఒకే వాక్యంలో, ఒకే సభ చేతిలో ఉన్నాయి. సంరక్షణ ఇక్కడ హక్కుకు షరతు కాదు, హక్కులో భాగమైన అధికారం. ప్రపంచ వేదికల మీద జీవ-సాంస్కృతికమని ప్రతిపాదించేదాన్ని ఆ పేరు వాడకుండానే ఈ చట్టం శాసనం చేసింది. మన విశ్వవిద్యాలయాల సదస్సులు బెలేమ్ ప్రకటనను ఉదహరించినంత తరచుగా ఈ 5వ విభాగాన్ని ఉదహరించకపోవడం విచిత్రమే.

అనువాద సమస్య కూడా ఇక్కడే ఉంది. ‘ఆవాసం’ అనగానే తెలుగు చదువరికి స్ఫురించేది ఇల్లు. ఆవాస హక్కు అంటే ఇళ్ళస్థలం కావచ్చుననుకొనే ప్రమాదం ఉంది. చట్టం ఉద్దేశించినది ఒక సముదాయం సంచరించే, సేకరించే, కొలిచే, చనిపోయినవారిని పూడ్చిపెట్టే మొత్తం భూభాగం. చెంచుల మాటల్లో దీనికి దగ్గరగా వచ్చేది పెంటే తప్ప ఆవాసం కాదు. దేశంలో తొలిసారి ఇటువంటి ఆవాస హక్కులు గుర్తింపు పొందినది 2015లో మధ్యప్రదేశ్‌లోని దిండోరి జిల్లా బైగాలకు. పులుల అభయారణ్యంలో సముదాయ హక్కులు సాధ్యం కావన్న వాదనకు కర్ణాటక బిళిగిరి రంగన కొండల సోలిగలు 2011లోనే సమాధానమిచ్చారు.

పవిత్రత లేని ఊళ్ళు

2019లో అమ్రాబాద్ అడవిలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు ప్రతిపాదన వచ్చినప్పుడు తెలుగు సమాజం అరుదైన ఏకాభిప్రాయం చూపింది. సినీ ప్రముఖుల నుంచి కవుల దాకా గొంతు కలిపారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఉద్యమ ఫలితం సంతోషకరం. ఆ కాలపు రచనల వాక్యనిర్మాణం మాత్రం ఆలోచింపజేస్తుంది. పులులు, జలపాతాలు, వనమూలికలు, చెంచులు అంటూ సాగే జాబితాల్లో చెంచులు నల్లమలకు చెందిన ఒక విశేషంగా వచ్చారు. నల్లమల తమదైన మనుషులుగా అంతగా రాలేదు. యురేనియం ఆగిన తరువాత అదే పెంటల తరలింపు ముందుకు వచ్చినప్పుడు ఆ గొంతుల్లో చాలా భాగం వినిపించకపోవడానికి కారణం ఆ వ్యాకరణంలోనే ఉంది. గనికి ఎదురుగా చెంచు ప్రకృతిలో భాగం. పులికి ఎదురుగా అతడే ప్రకృతికి అడ్డు.

ఇదే సమయంలో కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం పని చేస్తూనే ఉన్నాయి. అక్కడి గ్రామస్థులు భూగర్భజలం చెడిందనీ పంటలు పోతున్నాయనీ ఫిర్యాదులు చేశారు. వారికి చూపడానికి అభయారణ్యం లేదు, చెంచులక్ష్మి లేదు, జాతర లేదు. బోరుబావి, అరటితోట ఉన్నాయి. ఆ ఊళ్ళ కోసం రాష్ట్రమంతటి కవిత్వం రాలేదు. ఒడిశాలో నియమగిరి విషయమై సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో ఇచ్చిన తీర్పు డోంగ్రియా కోందుల మతపరమైన, సాంస్కృతిక హక్కులను గ్రామసభలే తేల్చాలని చెప్పింది. 12 గ్రామసభలు గనిని తిరస్కరించాయి. ఈ తీర్పును జీవ-సాంస్కృతిక విజయంగా పేర్కొనడం న్యాయమే. కాని అక్కడ కొండకు నియమరాజు అనే దేవుడు ఉన్నాడు, ఆ దేవునికి దేవాదాయ శాఖ లేదు. నల్లమలలో పేరున్న దేవుళ్ళందరికీ పాలకమండళ్ళున్నాయి. పవిత్రతను ఆధారం చేసుకొన్న హక్కువాదం చెంచుల దగ్గరికి వచ్చేసరికి వారి అల్లుళ్ళ కార్యనిర్వహణాధికారులతో తలపడవలసి వస్తుంది. ఇక తుమ్మలపల్లె వంటి ఊళ్ళకు ఆ వాదం అసలు అందదు. సంస్కృతి చూపగలిగినవారికే రక్షణ అన్న ఈ పరిమితిని జీవ-సాంస్కృతిక రచయితలు ఇంకా సూటిగా ఎదుర్కోలేదు.

సాక్ష్యంగా సాహిత్యం

అటవీ హక్కుల నియమావళిలోని 13వ నియమం, హక్కును నిరూపించడానికి ఏ ఆధారాలు చెల్లుతాయో చెబుతుంది. ప్రభుత్వ రికార్డులతోపాటు, ఆచారాలను నమోదు చేసిన ప్రామాణిక సంస్థల పరిశోధనలు, హక్కుదారులు కాని పెద్దల వాంగ్మూలాలు కూడా ఆ పట్టికలో ఉన్నాయి. దీని అర్థం తెలుగు శాఖలకు, జానపద విజ్ఞాన విభాగాలకు నేరుగా తగిలేది. చెంచుల పాటలు, కథలు, ఇంటిపేర్లు, స్థలనామాలు, జాతర పద్ధతులపై జరిగిన పిహెచ్.డి. పరిశోధనలు ఆవాస హద్దులను నిర్ధారించేటప్పుడు సాక్ష్యానికి పనికివచ్చే పత్రాలు. హైమెండార్ఫ్ రాసిన పెంటల హద్దులు, పూర్వపు చెంచు రిజర్వు కాగితాలు, ఏ కొండ ఏ ఇంటిపేరు వారిదో చెప్పే ముసలివారి మాట, సలేశ్వరం దారిలో ఏ మలుపు దగ్గర ఎవరు కొబ్బరికాయ కొట్టాలో చెప్పే ఆనవాయితీ అన్నీ ఒకే సంచికలో చేరగలవు.

అయితే ఈ పరిశోధనల్లో సేకరణ స్థలం చాలాసార్లు ‘నల్లమల ప్రాంతం’ అని ముగుస్తుంది. పాట ఏ రాగచ్ఛాయలో ఉందో వివరంగా ఉంటుంది. పాటలో వచ్చిన వాగు ఏ పెంటకు ఏ దిక్కున ఉందో ఉండదు. కథానాయకుడు ఎక్కిన బండ పేరు అధస్సూచికలోకి కూడా రాదు. సాహిత్య విలువను నిర్ణయించే పద్ధతులు స్థలాన్ని నేపథ్యంగా చూడటానికి అలవాటు పడ్డందువల్ల వచ్చిన లోపమిది. సేకరించిన పాఠ్యపు ప్రతి పరిశోధకుని విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంటుంది, పాడిన మనిషి ఊరి గ్రామసభలో ఉండదు. ఆ సభ ఆవాస హక్కుకు దరఖాస్తు రాయడానికి కూర్చొన్న నాడు ముందుగా అడిగేది వాగు పేరు, బండ పేరు, హద్దు రాయి ఉన్న చోటు.